ఎనిమిది నెలల పాపకు మూత్ర పరీక్ష: సంచి వద్దు, సీసాలో పట్టండి

పరకాల దగ్గరి నుంచి ఒక తల్లి అడిగిన ప్రశ్న ఇది. ఎనిమిది నెలల పాపకు నాలుగు రోజులుగా 102 డిగ్రీల జ్వరం. జలుబు లేదు, దగ్గు లేదు, విరేచనాలు లేవు. డాక్టరు గారు మూత్రం కల్చర్, అంటే మూత్రంలోని క్రిములను ల్యాబ్‌లో పెంచి చూసే పరీక్ష, రాశారు. ల్యాబ్‌లో అంటించే ప్లాస్టిక్ సంచి ఇచ్చారు. మొదటిసారి అది ఊడిపోయింది. రెండోసారి పట్టి ఇస్తే రిపోర్టులో ‘మిక్స్‌డ్ గ్రోత్, మళ్లీ పంపండి’ అని వచ్చింది. మళ్లీ సంచే పెట్టాలా? డైపర్ పిండి ఇవ్వవచ్చా? సన్న గొట్టం వేసి తీస్తామంటున్నారు, ఆడపిల్లకు దానివల్ల ముందు ముందు ఏమైనా అవుతుందా? ఈలోగా ఊళ్లో ఆర్‌ఎంపీ ఇచ్చిన యాంటీబయాటిక్ సిరప్ మొదలుపెట్టవచ్చా? ఇవీ ఆమె సందేహాలు.

అమ్మా, ముందు జవాబు చెప్తాను, కారణాలు తర్వాత. మళ్లీ సంచి పెట్టకండి. ఇవాళే పిల్లల డాక్టరు, ల్యాబ్ రెండూ ఉన్న ఆసుపత్రికి పాపను తీసుకెళ్లండి. అక్కడే స్టెరైల్ (క్రిములు లేకుండా శుద్ధి చేసిన) సీసాలో నేరుగా మూత్రం పట్టే ప్రయత్నం చేయండి. గంటలో పడకపోతే గొట్టం వేసి తీయనివ్వండి. నమూనా ఇచ్చిన తర్వాతే యాంటీబయాటిక్. డైపర్ పిండిన మూత్రం దేనికీ పనికిరాదు. గొట్టం వల్ల ఆడపిల్లకు రేపు ఏమీ కాదు.

వరంగల్, హనుమకొండల్లో పిల్లల వార్డుల్లో నర్సుగా చాలా ఏళ్లు పనిచేశాను. చిన్నపిల్లల మూత్రం పట్టడం మా రోజువారీ పనుల్లో ఒకటి. పైకి చాలా చిన్న పనిలా కనిపిస్తుంది. కానీ ఆ ఐదు మిల్లీలీటర్లు ఎలా పట్టారన్న దాన్ని బట్టే ఆ బిడ్డకు వారం పాటు యాంటీబయాటిక్ ఇవ్వాలా వద్దా, కిడ్నీ స్కానులు చేయాలా వద్దా అన్నది తేలుతుంది. అందుకే కొంచెం వివరంగా రాస్తున్నాను.

సంచి సంగతి. సంచిలో పడే మూత్రం ముందు చర్మాన్ని తడిపి, మలద్వారం చుట్టుపక్కల తిరిగి, ఆ తర్వాత అడుగుకు చేరుతుంది. మూత్రంలో ఇన్ఫెక్షన్ తెచ్చే క్రిముల్లో అన్నింటికంటే ఎక్కువగా కనిపించేది ఈ.కొలై. అది మనందరి పేగుల్లో ఉండేదే, పిల్లల పిరుదుల మీద, తొడల మడతల్లో కూడా ఉంటుంది. కాబట్టి సంచి నమూనాలో ఈ.కొలై పెరిగినా అది మూత్రాశయంలోంచి వచ్చిందో, చర్మం మీది నుంచి వచ్చిందో ఏ ల్యాబూ తేల్చి చెప్పలేదు. మీ పాప రిపోర్టులో ‘మిక్స్‌డ్ గ్రోత్’ అని రాయడానికి అర్థం ఇదే. రెండు మూడు రకాల క్రిములు కలిసి పెరిగాయి, అవి బయటి నుంచి చేరి ఉంటాయని వాళ్లు అనుకుంటున్నారు. ఆ రిపోర్టును బట్టి పాపకు ఇన్ఫెక్షన్ ఉందనీ చెప్పలేం, లేదనీ చెప్పలేం.

ఆస్ట్రేలియాలోని మెల్‌బోర్న్ పిల్లల ఆసుపత్రి వాళ్లు దీన్ని లెక్కగట్టి 2012లో ప్రచురించారు. బయటి క్రిములు కలిసి పాడైన నమూనాలు సంచితో పట్టినవాటిలో దాదాపు 46 శాతం. సీసాలో నేరుగా పట్టినవాటిలో 26 శాతం, గొట్టంతో తీసినవాటిలో 12 శాతం, పొత్తికడుపులోంచి సూదితో తీసినవాటిలో 1 శాతం. వార్డులో మేము చూసేదీ ఇదే వరస.

అలాగని సంచి పూర్తిగా వృథా కాదు. పాప హుషారుగా ఉండి, డాక్టరుకు అంత అనుమానం లేనప్పుడు సంచిలో పట్టిన మూత్రానికి మామూలు పరీక్ష చేస్తారు. అందులో చీముకణాలు, నైట్రైట్ (కొన్ని క్రిములు మూత్రంలో తయారుచేసే పదార్థం), క్రిములు ఏవీ లేకపోతే ఇన్ఫెక్షన్ ఉండే అవకాశం బాగా తక్కువని అనుకోవచ్చు. ఏదైనా తేడా కనిపిస్తే మాత్రం కల్చర్ కోసం వేరే నమూనా గొట్టంతో తీయాలి. అమెరికా పిల్లల వైద్యుల సంఘం రెండు నెలల నుంచి రెండేళ్ల లోపు పిల్లల కోసం 2011లో ఇచ్చిన మార్గదర్శకాల్లో ఉన్నది ఈ రెండు మెట్ల పద్ధతే. సంచిలోని మూత్రాన్నే కల్చర్‌కు పంపి, వచ్చిన రిపోర్టును నమ్మి మందులు వాడటం మాత్రం తప్పు.

ఇక మీరు అడిగిన డైపర్. ఇప్పటి డైపర్లలో ఉండే జెల్ మూత్రాన్ని పట్టేసి వదలదు. లోపల దూది పెట్టి, తడిశాక సిరంజిలో వేసి పిండి తెచ్చేవాళ్లను కూడా చూశాను. దూది పోగులు సూక్ష్మదర్శిని కింద అడ్డం పడతాయి, దూదిలోని క్రిములూ కలుస్తాయి. బ్రిటన్ వైద్య మార్గదర్శకాలు దూది, గాజ్, శానిటరీ ప్యాడ్ వాడవద్దని పేరుపేరునా చెప్పాయి. అక్కడ ఇందుకోసమే తయారుచేసిన ప్రత్యేకమైన ప్యాడ్లు వాడతారు. వాటిని చూసి మన ఇంట్లో ఉన్న ప్యాడ్‌తో ప్రయత్నించకండి.

సీసాలో నేరుగా పట్టడం ఎలా

దీనికి కావాల్సింది ఓపిక, ఇద్దరు మనుషులు, ల్యాబ్ ఇచ్చే మూత ఉన్న స్టెరైల్ సీసా. ఇంట్లో ఎంత బాగా కడిగిన సీసా అయినా కల్చర్‌కు వద్దు.

పాపకు పాలు పట్టండి. పాలు తాగిన ఇరవై, ఇరవై ఐదు నిమిషాలకు మూత్రం వచ్చే అవకాశం ఎక్కువ. ఆ లోపు డైపర్ తీసేసి శుభ్రం చేయండి. మామూలు సబ్బు, గోరువెచ్చని నీళ్లు చాలు. ఆడపిల్లకైతే ముందు నుంచి వెనక్కి తుడవాలి, ఒకసారి తుడిచిన గుడ్డతో మళ్లీ తుడవకూడదు. మగపిల్లవాడికైతే అంగం చివర కడగండి, చర్మాన్ని బలవంతంగా వెనక్కి లాగకండి. ఆ వయసులో అది అతుక్కునే ఉంటుంది, లాగితే చిరుగుతుంది. డెట్టాల్ వంటి మందులు అసలు వాడవద్దు. అది నమూనాలో కలిస్తే ఉన్న క్రిములు చచ్చిపోయి, ఇన్ఫెక్షన్ ఉన్న బిడ్డకు కూడా రిపోర్టు శుభ్రంగా రావచ్చు. మన దగ్గర పిల్లలకు నూనె రాసి, పౌడర్ అద్దే అలవాటు ఎక్కువ కదా, తొడల మడతల్లో ఆ నూనె, పౌడర్ పేరుకుని ఉంటాయి. అవి పోయేదాకా సబ్బుతో కడిగి, ఆ తర్వాత సబ్బు కూడా పోయేదాకా నీళ్లు పోయండి. తడి ఆరనివ్వండి.

ఇప్పుడు ఒకరు పాపను ఒడిలో కూర్చోబెట్టుకోవాలి. పాప వీపు మీ పొట్టకు ఆనాలి, రెండు తొడల కింద చేతులు వేసి కాళ్లు దూరంగా పట్టుకోవాలి. మన అమ్మమ్మలు, నాయనమ్మలు పిల్లలను వాకిట్లో మూత్రానికి పట్టుకునే తీరు ఇదే. నాకు తెలిసి ఈ పని వాళ్లకు వచ్చినంత బాగా ఎవరికీ రాదు. నర్సంపేట వైపు నుంచి వచ్చిన ఒక నాయనమ్మ, మేము ఇద్దరం నర్సులం చాలాసేపు ప్రయత్నించి ఊరుకున్నాక, మనవడిని తన చేతుల్లోకి తీసుకుని, చెవి దగ్గర ‘ష్...ష్...’ అంటూ కుళాయి విప్పమంది. నీళ్ల చప్పుడుతో పాటే పిల్లవాడు పోసేశాడు. ఇంట్లో రోజూ ఆ చప్పుడుతోనే అలవాటు చేశారట. మీ ఇంట్లో కూడా అలా అలవాటు చేసిన పెద్దవాళ్లు ఉంటే వాళ్లను వెంట తీసుకెళ్లండి.

రెండోవాళ్లు సీసా మూత తీసి సిద్ధంగా కూర్చోవాలి. మూతను లోపలి వైపు పైకి ఉండేలా పక్కన పెట్టాలి, సీసా అంచును వేళ్లతో ముట్టకూడదు, సీసా పాప చర్మానికి తగలకూడదు. మూత్రం మొదలవగానే మొదటి కాస్త కింద పోనిచ్చి, తర్వాతి ధారను గాలిలోనే పట్టాలి. మొదటి ధార ద్వారం దగ్గరున్న క్రిములను కడిగేస్తుంది, అందుకే అది వద్దంటాం. రెండు మూడు మిల్లీలీటర్లు పడినా కల్చర్‌కు చాలు, సీసా నిండాలని చూడకండి. నేల మీద పడింది, చాప మీద పడింది, చేతిలో పడింది ఎత్తి సీసాలో పోయకండి. ‘ఇంతసేపు కష్టపడ్డాం, కాస్తయినా ఇద్దాం’ అనిపిస్తుంది, ఆ ఆశ వల్లనే రిపోర్టులు పాడవుతాయి.

త్వరగా రప్పించడానికి రెండు పద్ధతులు ఉన్నాయి. మొదటిది, చల్లటి సెలైన్‌లో తడిపిన గాజ్‌తో పొత్తికడుపు మీద, మూత్రాశయం ఉండే చోట గుండ్రంగా రుద్దడం. మెల్‌బోర్న్‌లో నెల నుంచి ఏడాది లోపు పిల్లలు 354 మందిపై దీన్ని పరీక్షించి 2017లో ప్రచురించారు. ఐదు నిమిషాల్లో మూత్రం పోసినవాళ్లు రుద్దిన పిల్లల్లో 31 శాతం, ఊరికే ఎదురుచూసినవాళ్లలో 12 శాతం. అద్భుతమేమీ కాదు కానీ ఖర్చు లేదు, నొప్పి లేదు. రెండోది స్పెయిన్ వైద్యులు 2013లో చెప్పింది. ఒకరు బిడ్డను చంకల కింద పట్టుకుని కాళ్లు వేలాడేలా నిలబెడతారు. మరొకరు పొత్తికడుపు మీద వేలికొనలతో నిమిషానికి వంద దెబ్బల వేగంతో అరనిమిషం మెల్లగా తడతారు. తర్వాత నడుము దగ్గర వెన్నుకు రెండు వైపులా బొటనవేళ్లతో అరనిమిషం రుద్దుతారు. మళ్లీ తట్టడం, మళ్లీ రుద్దడం. వాళ్లు చూసిన నవజాత శిశువుల్లో 86 శాతం మంది ఐదు నిమిషాల్లోపే పోశారు. ఇది పసిగుడ్డులకు బాగా పనిచేస్తుంది, నెలలు పెరిగి బరువెక్కేకొద్దీ ఫలితం తగ్గుతుంది. మీ పాపకు ఎనిమిది నెలలు కాబట్టి ప్రయత్నించండి, పడకపోతే నిరాశ పడకండి.

గంట దాటితే గొట్టం

దీని గురించి తల్లుల భయం నాకు బాగా తెలుసు. నన్ను పక్కకు పిలిచి, మగవాళ్లకు వినబడకుండా, ‘సిస్టర్, ఆడపిల్ల కదా, పెళ్లయ్యాక ఏమైనా ఇబ్బంది అవుతుందా’ అని అడిగేవారు. అవదు. మూత్రం వచ్చే దారి వేరు, యోని ద్వారం వేరు. గొట్టం వెళ్లేది మూత్రం వచ్చే దారిలోకి మాత్రమే. వాడేది పసిపిల్లలకు ముక్కులోంచి పాలు పట్టే ఐదు లేదా ఆరు నంబరు మెత్తటి గొట్టం, పెన్ను రీఫిల్ కంటే సన్నం. శుభ్రం చేసి, జెల్లీ రాసి, లోపలికి పంపగానే మూత్రం వస్తుంది. మొదటి కొన్ని చుక్కలు వదిలేసి తర్వాతివి సీసాలో పట్టి, వెంటనే గొట్టం తీసేస్తారు. పని నిమిషం రెండు నిమిషాల్లో అయిపోతుంది. పాప ఏడుస్తుంది, ఆ మాట దాచను. ఆ రోజు ఒకటి రెండుసార్లు మూత్రం పోసేటప్పుడు మంట ఉండవచ్చు, డైపర్ మీద సన్నటి ఎర్ర గీత కనిపించవచ్చు. అది ఆగకపోయినా, మూత్రం రాకపోయినా మళ్లీ చూపించాలి.

మీరు పాప తల దగ్గర నిలబడతానని అడగండి. చాలా చోట్ల ఒప్పుకుంటారు. అమ్మ ముఖం కనిపిస్తుంటే పిల్లలు కాళ్లు అంతగా బిగించరు, కాళ్లు బిగించకపోతే మా పని కూడా తేలిక. పొత్తికడుపులోంచి సూదితో తీసే పద్ధతి కూడా ఉంది, అది ఎక్కువగా కొద్ది నెలల పసిపిల్లలకు, స్కాన్‌లో మూత్రాశయం నిండి ఉందని చూసుకుని, డాక్టర్లే చేస్తారు. మీ పాపకు అందాకా రాకపోవచ్చు.

ముందే యాంటీబయాటిక్ ఎందుకు వద్దు

మన ఊళ్లలో నేను చూసిన పెద్ద చిక్కు ఇదే. జ్వరం రాగానే ఇంజెక్షన్, తగ్గకపోతే ఇంకో సిరప్, అప్పటికీ తగ్గకపోతే వరంగల్. ఒక పాప అలాగే వచ్చింది. మూత్రం నిండా చీముకణాలు, కల్చర్‌లో మాత్రం ఏమీ పెరగలేదు. ముందు రోజు రెండు డోసులు పడ్డాయి. క్రిమి ఏదో, దానికి ఏ మందు పనిచేస్తుందో తెలియక డాక్టరు గారు అంచనా మీదే ఎక్కువ రోజులు ఇంజెక్షన్లు ఇవ్వాల్సి వచ్చింది. ఒక్క డోసుతో కూడా మూత్రంలో క్రిములు పెరగకుండా ఆగిపోవచ్చు. ఇప్పుడు మన దగ్గర ఈ.కొలై చాలా మందులకు లొంగడం లేదు, అందుకే ఏ మందు పనిచేస్తుందో చెప్పే ఆ రిపోర్టు బంగారంతో సమానం.

జ్వరానికి పారాసిటమాల్ ఇవ్వవచ్చు, అది కల్చర్‌ను పాడుచేయదు. డోసు పాప బరువును బట్టి, కిలోకు 10 నుంచి 15 మిల్లీగ్రాములు, ఆరు గంటలకోసారి. సిరప్, డ్రాప్స్ బలాలు వేర్వేరుగా ఉంటాయి కాబట్టి సీసా మీద చూసి, డాక్టరును అడిగి ఇవ్వండి.

అయితే ‘నమూనా దొరికేదాకా మందు వద్దు’ అన్న మాటను రోజుల తరబడి లాగకండి. జ్వరం మొదలై మూడు రోజులు దాటాక మందు మొదలుపెడితే కిడ్నీ మీద మచ్చ పడే ముప్పు పెరుగుతుంది. మీ పాపకు ఇది నాలుగో రోజు. అందుకే ఇంట్లో ఇంకో రోజు ప్రయత్నించమని నేను చెప్పడం లేదు. నమూనా, మందు రెండూ ఇవాళే జరగాలి. డాక్టర్లు మామూలు పరీక్ష చూసి మందు మొదలుపెడతారు, కల్చర్ రిపోర్టు రెండు మూడు రోజుల్లో వచ్చాక అవసరమైతే మారుస్తారు.

పాప పాలు తాగకపోయినా, తాగినదంతా కక్కుతున్నా, మత్తుగా పడి ఉన్నా, ఎనిమిది గంటలుగా మూత్రం పోయకపోయినా, ఫిట్స్ వచ్చినా గంట కూడా ఎదురుచూడవద్దు. నేరుగా అత్యవసర విభాగానికి వెళ్లండి. మూడు నెలల లోపు బిడ్డకు జ్వరం వస్తే ఈ లక్షణాలేవీ లేకపోయినా అంతే. వరంగల్ ఎంజీఎం ఆసుపత్రిలో రాత్రయినా పిల్లల డాక్టర్లు ఉంటారు.

పట్టిన నమూనా ల్యాబ్‌కు చేరే దారి

ఇది చాలామంది పట్టించుకోని విషయం. మూత్రం క్రిములకు మంచి ఆహారం. వెచ్చగా ఉంటే ఈ.కొలై ఇరవై, ముప్ఫై నిమిషాలకోసారి రెట్టింపవుతుంది. ములుగు వైపు నుంచి ఎండాకాలంలో ఒక తండ్రి పొద్దున్నే ఇంట్లో పట్టిన సీసాను చొక్కా జేబులో పెట్టుకుని, రెండు బస్సులు మారి మధ్యాహ్నానికి తెచ్చాడు. ఆ కల్చర్‌లో క్రిములు లక్షల్లో పెరిగాయి. పిల్లవాడు చూస్తే ఆడుకుంటున్నాడు, చీముకణాలు లేవు. వార్డులో మళ్లీ పట్టి వెంటనే పంపితే ఏమీ పెరగలేదు. మే నెలలో మన దగ్గర ఎండ 45 డిగ్రీలదాకా పోతుంది, బస్సులో పెట్టిన సీసా సంగతి చెప్పనక్కర్లేదు.

కాబట్టి గంటలోపు ల్యాబ్‌కు అందాలి. అందదనుకుంటే మూత బిగించి, కవర్‌లో పెట్టి, ఐస్ ప్యాక్ ఉన్న డబ్బాలో తీసుకెళ్లాలి. ఫ్రిజ్‌లో నాలుగు డిగ్రీల దగ్గర ఉంచితే 24 గంటల వరకూ పరవాలేదు, కానీ డీప్ ఫ్రీజర్‌లో గడ్డకట్టించకూడదు. పరకాల నుంచి హనుమకొండకు బస్సులో గంట పడుతుంది కదా, అందుకే సీసాను తీసుకెళ్లడం కంటే పాపనే తీసుకెళ్లి అక్కడ పట్టమంటున్నాను. సీసా మీద పేరు, పట్టిన సమయం, సంచా, సీసానా, గొట్టమా అన్నది రాయించండి. ఎలా పట్టారో తెలియకుండా ల్యాబ్ వాళ్లు రిపోర్టును సరిగ్గా తూచలేరు.

రిపోర్టు వచ్చాక

నేరుగా సీసాలో పట్టిన నమూనాలో ఒకే రకం క్రిమి మిల్లీలీటరుకు లక్ష, గొట్టంతో తీసిన దాంట్లో 50 వేలు దాటితే, దానితో పాటు చీముకణాలు ఉంటే సాధారణంగా ఇన్ఫెక్షన్ అంటారు. నైట్రైట్ ‘నెగెటివ్’ అని చూసి ఇన్ఫెక్షన్ లేదనుకోకండి. నైట్రైట్ తయారవాలంటే మూత్రం దాదాపు నాలుగు గంటలు లోపల నిలవాలి, పసిపిల్లలు అంతసేపు ఆపుకోరు.

ఇన్ఫెక్షన్ నిజమని తేలితే కిడ్నీలకు అల్ట్రాసౌండ్ చేస్తారు. కొందరు పిల్లల్లో మూత్రం మూత్రాశయం నుంచి పైకి, కిడ్నీల వైపు ఎగదన్నే లోపం ఉంటుంది, దాన్ని పట్టుకోవడానికి అవసరాన్ని బట్టి ఇంకా పరీక్షలు రాస్తారు. వాటిలో ఒకటి గొట్టం ద్వారా మందు నింపి ఎక్స్‌రేలు తీసేది. సంచిలో పట్టిన తప్పుడు రిపోర్టు వల్ల ఆ పరీక్షదాకా వెళ్లిన పిల్లలు ఉన్నారు. రెండు నిమిషాల గొట్టానికి భయపడి, అంతకంటే కష్టమైన దారి పట్టడం ఎందుకు?

ఇది చదివే మిగతా తల్లుల కోసం ఒక మాట. రెండు మూడేళ్లు నిండి, చెప్పగలిగే పిల్లలకు ఇంత శ్రమ లేదు. నీళ్లు తాగించి, కడిగి, మగపిల్లవాడైతే నిలబడి, ఆడపిల్లయితే కాళ్లు బాగా ఎడంగా పెట్టి గొంతుకు కూర్చోబెట్టి, మధ్య ధార పట్టండి. పాటీ మీద కూర్చునే అలవాటుంటే పాటీని వేడినీళ్లు, సబ్బుతో కడిగి, ఆరబెట్టి, లోపల స్టెరైల్ గిన్నె పెట్టి పట్టవచ్చు.

అమ్మా, మీరు వెళ్లేటప్పుడు పాత ‘మిక్స్‌డ్ గ్రోత్’ రిపోర్టు, ఇప్పటిదాకా ఇచ్చిన మందుల సీసాలు, జ్వరం ఎప్పుడెప్పుడు ఎంత ఉందో రాసిన కాగితం తీసుకెళ్లండి. ఆర్‌ఎంపీ సిరప్ ఒక్క చెంచా అయినా పట్టి ఉంటే ఆ విషయం తప్పకుండా చెప్పండి, ఎవరూ కోప్పడరు. దారిలో పాలు పట్టకుండా ఉండి, ఆసుపత్రిలో సీసా చేతికి వచ్చాక పట్టండి, పాప ఆకలికి ఏడిస్తే మాత్రం ఆపకండి.